బ్రూడరు దీపముల వెచ్చదనమును మైక్రోకంట్రోలరుతో అదుపు చేయుట



కోడిపిల్లలను దింపిన మొదటి వారము రాత్రులు ఎట్లు గడచునో అనుభవమున్న మీకు నేను చెప్పనక్కరలేదు. పొద్దుగూకగానే బ్రూడరు క్రింద నాలుగు బల్బులు వెలిగింతురు. రాత్రి పది గంటలకు ఆ వెచ్చదనము చాలినట్లే ఉండును. తెల్లవారుజామున మూడు గంటలకు చలి దిగగానే పిల్లలు ఒకదానిపై నొకటి ఎక్కి గుంపు కట్టును. అడుగున పడినవి ఊపిరాడక చనిపోవును. పోనీ అని ఇంకొక బల్బు పెట్టినచో, పగలు పదకొండు గంటలకు అదే ఎక్కువై పిల్లలు నోళ్ళు తెరచి రొప్పుచు చిక్‌గార్డు అంచున చేరును. ఈ రెండింటి నడుమ ఇంటిలో ఎవరో ఒకరు రాత్రింబవళ్ళు త్రాడు లాగుచు, బల్బులను ఎత్తుచు దించుచు కూర్చుండవలసినదే.

ఈ కావలి పనిలో కొంత భాగమును చేసిపెట్టగల చిన్న సాధనము ఇప్పుడు బజారులో దొరకుచున్నది. దానిని ఎ.సి. డిమ్మరు మాడ్యూలు అందురు. ఆర్డుయినో వంటి మైక్రోకంట్రోలరు బోర్డుకు దీనిని తగిలించి, ఒక ఉష్ణోగ్రత సెన్సారును కలిపినచో, చలి పెరిగినప్పుడు బల్బులు తమంతట తామే కాంతివంతమగును, వేడి పెరిగినప్పుడు మందగించును. మీ ఊరిలో చదువుకొన్న పిల్లలు దీనిని ఒకటి రెండు రోజులలో కట్టి చూపగలరు. బల్బు మందగించుట చూచి మనము ముచ్చటపడుదుము. అయితే కట్టినవాడు మరచిపోయిన ఒక్క సంగతి వలన ఆ రాత్రి షెడ్డులోని పిల్లలన్నియు పోవచ్చును, లేదా మనిషికే ప్రాణాపాయము కలుగవచ్చును. కాబట్టి ఇది ఎట్లు పనిచేయునో, ఎక్కడ మోసము చేయునో ఈ ప్రసంగములో వివరముగా చెప్పెదను.

మొదట ఇది ఎవరికి పనికివచ్చునో చెప్పవలెను. ఇంటివద్ద వంద పిల్లలను పెంచువారికి ఇది అనవసరము. వారికి త్రాడును, కన్నును చాలును. కరెంటు నిలకడగా ఉండని ఊళ్ళలో గ్యాసు బ్రూడరే మేలు. రెండు వందలు, మూడు వందలు పిల్లలను ఒక్కొక్క గొడుగు క్రింద ఉంచి, మామూలు తీగ బల్బులతోనో, 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బులతోనో వెచ్చదనము ఇచ్చువారికి ఇది సాయపడును.

వేడి ఎంత కావలెనో మీరెరిగినదే. మొదటి వారము గొడుగు అంచున, ఊకకు రెండు అంగుళముల ఎత్తున, అనగా పిల్ల వీపు ఉండు ఎత్తున, 95 డిగ్రీల ఫారెన్‌హీటు ఉండవలెను. ఇది 35 డిగ్రీల సెల్సియస్. తరువాత వారమునకు 5 డిగ్రీల ఫారెన్‌హీటు చొప్పున, అనగా సుమారు 3 డిగ్రీల సెల్సియస్ చొప్పున తగ్గించుకొనుచు పోవుదుము. వాడుకలో ఉన్న లెక్క ప్రకారము కాలమును బట్టి పిల్లకు ఒకటి నుండి రెండు వాట్లు పెట్టుదురు. 250 పిల్లలకు నాలుగు వంద వాట్ల బల్బులు, మొత్తము 400 వాట్లు అనుకొందము. చలి రాత్రి ఈ నాలుగును నిండుగా వెలుగవలెను. పగటిపూట ఇందులో పావు భాగమే చాలవచ్చును.

ఇక ఈ మాడ్యూలు బల్బును ఎట్లు మందగింపజేయును? మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది; ఒకే దిక్కున పారునది కాదు. సెకండుకు 50 మారులు ముందుకును వెనుకకును ఊగును. ప్రతి ఊపులోను రెండు మారులు అది సున్నాకు వచ్చును. అనగా సెకండుకు నూరు మారులు వోల్టేజి సున్నాను దాటును. ఒక సున్నాకును తరువాతి సున్నాకును నడుమ కాలము 10 మిల్లీసెకండులు. సెకండులో నూరవ వంతు.

దీనిని కాలువ లెక్కలో చూడుడు. కాలువలో నీరు ఏకధారగా రాక, సెకండుకు నూరు అలలుగా వచ్చుచున్నదనుకొనుడు. మీ మడికి ఒక తూము ఉన్నది. ఆ తూమునకు ఒక చిత్రమైన గుణము: తలుపును ఎప్పుడు కావలసిన అప్పుడు తెరువవచ్చును గాని, తెరచిన తరువాత ఆ అల పూర్తిగా తీరి కాలువ ఎండువరకు అది మూతపడదు, ఎండగానే దానంతట అదే మూతపడును. అల మొదలు కాగానే తెరచితిరా, నీరంతయు మడికి వచ్చును. అల సగము పోయిన పిదప తెరచితిరా, సగమే వచ్చును. చివరన తెరచితిరా, కొద్ది నీరే వచ్చును. మాడ్యూలులో ట్రయాక్ అను మూడు కాళ్ళ పరికరము ఆ తూము వంటిది. దానిని తెరచుటకు గేటు అను కాలికి క్షణకాలము ఒక చిన్న విద్యుత్ సంకేతము ఇచ్చిన చాలును.

అల ఎప్పుడు మొదలైనదో తెలియనిదే ఎంత ఆలస్యముగా తెరువవలెనో లెక్కించుట కుదరదు గదా. అందుచేత మాడ్యూలులో రెండవ భాగమొకటి ఉండును. వోల్టేజి సున్నా దాటిన ప్రతిసారి అది మైక్రోకంట్రోలరుకు ఒక చిన్న సంకేతమును పంపును. మైక్రోకంట్రోలరు ఆ సంకేతము అందగానే గడియారము మొదలుపెట్టి, అనుకొన్నంత ఆలస్యము చేసి, ట్రయాక్‌ను తెరచును. ఇది సెకండుకు నూరు మారులు జరుగును. మాడ్యూలుకు ఒక ప్రక్క కరెంటు తీగలకును బల్బుకును మరలు ఉండును. రెండవ ప్రక్క నాలుగు చిన్న పిన్నులుండును. అందులో రెండు 5 వోల్టుల సరఫరాకు, ఒకటి సున్నా సంకేతమునకు, ఒకటి గేటు సంకేతమునకు.

ఇక్కడ కొందరు యువకులు చేయు పొరపాటు ఒకటి చెప్పెదను. ఆర్డుయినోలో చిన్న డి.సి. దీపములను మందగింపజేయుటకు సిద్ధముగా ఉన్న ఒక ఆజ్ఞ కలదు. దానినే ఈ మాడ్యూలుకు వాడినచో బల్బు దెయ్యము పట్టినట్లు మినుకు మినుకుమనును. ఆ ఆజ్ఞ సెకండుకు సుమారు 490 మారులు తన ఇష్టము వచ్చినట్లు తెరచి మూయునేగాని, అల ఎప్పుడు మొదలైనదో దానికి పట్టదు. ఇంటరప్టు అను పద్ధతిన సున్నా సంకేతమును పట్టుకొని, టైమరుతో ఆలస్యము లెక్కించు ప్రోగ్రామే కావలెను. లైను వేగము అన్ని వేళల సరిగా 50 ఉండదు గనుక, ప్రతి సున్నా నుండి కొత్తగా లెక్క మొదలుపెట్టవలెను.

ఆలస్యమునకును వేడికిని గల సంబంధము తిన్ననిది కాదు. దీనిని తెలియక చాలమంది చిక్కులో పడుదురు. 10 మిల్లీసెకండులలో పావువంతు, అనగా రెండున్నర మిల్లీసెకండులు ఆలస్యము చేసినచో వేడి కూడ పావువంతు తగ్గుననుకొందుము. కాని తగ్గునది నూటికి 9 వంతులు మాత్రమే. 91 వంతులు బల్బుకు చేరును. అల మొదట్లోను చివరను నీరు పలుచన, నడుమనే ఉద్ధృతము, అందువలన. 3.7 మిల్లీసెకండులకు నూటికి 75, సరిగా 5 మిల్లీసెకండులకు 50, 6.3 మిల్లీసెకండులకు 25, ఏడున్నర మిల్లీసెకండులకు 9 వంతులు చేరును. కాబట్టి పని అంతయు రెండున్నరకును ఏడున్నరకును నడుమనే జరుగును. ప్రోగ్రాములో ఈ అంకెలను పట్టికగా వ్రాసి పెట్టుకొనుడు. ఇవి నిలకడయైన తాపక తీగకు వేసిన లెక్కలు. బల్బు తీగ చల్లబడిన కొలది దాని నిరోధము తగ్గును గనుక, బల్బు విషయములో కొంచెము తేడా ఉండును. సగము చోట సగముకన్న కొంచెము ఎక్కువే వేడి వచ్చును. అది మనకు నష్టము కాదు.

ఆలస్యమును 9 మిల్లీసెకండులు దాటనీయకుడు. దాటినచో గేటు సంకేతము ఒక్కొక్కసారి ఈ అల తీరిపోయి, తరువాతి అల మొదట పడును. అప్పుడు ఆ అల అంతయు బల్బుకు చేరి, మిక్కిలి మందముగా వెలుగవలసిన బల్బు ఒక్కసారి భగ్గున మెరయును. నిద్రపోవు పిల్లలు ఉలిక్కిపడి ఒక మూలకు పరుగెత్తుటకు అంతకన్న ఏమి కావలెను?

వేడి సగమైనచో వెలుగు సగముకాదు. తీగ బల్బు వెలుగు వేడికన్న వేగముగా పడిపోవును. వేడి సుమారు సగమైన చోట వెలుగు మూడవ వంతుకు దిగి, ఎర్రబారును. మొదటి రోజులలో పిల్లకు మేత, నీరు కనబడవలెను గదా. వేడి బల్బులనే నమ్ముకొన్నచో, ఎండపూట అవి మందగించినప్పుడు గొడుగు క్రింద చీకటి పడి పిల్లలు మేతకు రావు. అందుచేత ఈ యంత్రముతో సంబంధము లేని ఒక చిన్న ఎల్.ఇ.డి. బల్బును వేరే స్విచ్చిపై ఎల్లవేళల వెలుగనీయుడు. యంత్రము చెడి చీకటి కమ్మినప్పుడు పిల్లలు బెదరి గుంపు కట్టకుండ కాపాడునది కూడ ఈ చిన్న దీపమే.

ఆ ఎల్.ఇ.డి. బల్బునే డిమ్మరుకు తగిలించరాదా అని మీలో కొందరు అడుగవచ్చును. మామూలు ఎల్.ఇ.డి., సి.ఎఫ్.ఎల్. బల్బులలో వేరే విద్యుత్ పరికరములు ఉండును. ముక్కలైన అలను అవి భరింపలేవు. మినుకుమనును, కొన్ని కాలిపోవును. డిమ్మరుకు పనికివచ్చునని పెట్టెపై వ్రాసినవి మాత్రమే పనికివచ్చును. పంపు మోటారును, గాలి పంకాను కూడ ఈ మాడ్యూలుకు తగిలింపకుడు. మోటారు గుర్రుమనుచు వేడెక్కి చుట్టలు కాలును. తీగ బల్బు, తాపక తీగ, ఈ రెండే దీనికి తగిన బరువులు.

ఇక సెన్సారు. డి.ఎస్. 18బి20 అను సెన్సారు చౌక. నీరు చొరని గొట్టములో అమర్చినది దొరకును. అర డిగ్రీ అటు ఇటుగా నిజము చెప్పును. దీనిని గొడుగు అంచున, పిల్ల వీపు ఎత్తున, బల్బు వెలుగు నేరుగా తగలకుండ కట్టవలెను. బల్బు వేడి నేరుగా తగిలినచో అది తన వేడిని చెప్పునుగాని పిల్లల చుట్టునున్న గాలి వేడిని చెప్పదు. కావలసిన వేడికి రెండు డిగ్రీలు తక్కువైనప్పుడు పూర్తి వెలుగు, సరిగా ఉన్నప్పుడు సగము, రెండు డిగ్రీలు ఎక్కువైనప్పుడు అడుగు మట్టము, నడుమ క్రమముగా, ఇట్లు ప్రోగ్రాము వ్రాసినచో చాలును. మార్పులు మెల్లగా జరుగవలెను. పది సెకండులకు ఒకమారు కొంచెము కొంచెముగా మార్చుడు. ఊక, గాలి, సెన్సారు వేడెక్కుటకు కాలము పట్టును గనుక, యంత్రము తొందరపడినచో ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువగా ఊగులాడుచుండును.

ఇప్పుడు నేను మొదట చెప్పిన ఆ ఒక్క సంగతికి వచ్చెదను. నేను నా బల్లపై ఈ సాధనమును కట్టి రెండు రోజులు చూచి, బాగున్నదని తృప్తిపడితిని. మూడవ రోజున, షెడ్డులో ఎలుక తీగ కొరికినచో ఏమగునో చూతమని సెన్సారు తీగను లాగివేసితిని. మందముగా ఉన్న బల్బు మెల్లమెల్లగా పెరిగి పూర్తిగా వెలిగి అట్లే నిలిచిపోయినది. కారణము చిన్నది. ఈ సెన్సారుకు వాడుకలో ఉన్న ప్రోగ్రాము లైబ్రరీ, సెన్సారు తెగిపోయినప్పుడు సున్నాకు దిగువన 127 డిగ్రీలు అను అంకెను ఇచ్చును. అది ‘సెన్సారు లేదు’ అనుటకు గుర్తు. నా ప్రోగ్రాము దానిని నిజమైన చలిగా భావించి, పాపము, శక్తి కొలది వేడి పెట్టినది. అది మే నెల మధ్యాహ్నమై, క్రింద పిల్లలు ఉన్నచో ఏమగునో మీరే ఊహించుకొనుడు.

దీనికి ఎదురు సంగతి కూడ కలదు. ఈ సెన్సారుకు కరెంటు పోయి వచ్చిన వెంటనే, కొలత పూర్తికాక మునుపు అడిగినచో 85 డిగ్రీలు అని చెప్పును. ప్రోగ్రాము దానిని నమ్మి బల్బులు తగ్గించివేయును. తీగ ముడి వదులై కరెంటు మాటిమాటికి పోయి వచ్చుచున్నచో, చలి రాత్రియంతయు పిల్లలకు వేడి లేకపోవచ్చును. కాబట్టి షెడ్డులో ఎన్నటికిని ఉండజాలని అంకెలను, అనగా 5 డిగ్రీలకు తక్కువ, 50కి ఎక్కువ, ప్రోగ్రాము నమ్మరాదు. అట్టి అంకె వరుసగా కొన్ని మారులు వచ్చినచో బల్బులను సగము మట్టమున నిలిపి, గంట మ్రోగింపవలెను. సగము వేడి పిల్లలను చంపదు; మనిషి వచ్చి చూచువరకు కాపాడును. మైక్రోకంట్రోలరు తానే మొద్దుబారి నిలిచిపోయినచో దానిని మేలుకొలుపు వాచ్‌డాగ్ అను ఏర్పాటు దానిలోనే కలదు. దానిని తప్పక వాడుడు.

ఇంతటితో తీరలేదు. ట్రయాక్ చెడిపోవునప్పుడు తరచుగా తెరచినది తెరచినట్లే ఉండిపోవును. తూము తలుపు విరిగి కాలువలో పడినట్లే. అప్పుడు మైక్రోకంట్రోలరు ఎంత మొరపెట్టుకొన్నను బల్బులు నిండుగా వెలుగుచునే ఉండును. ప్రోగ్రాము ఎంత బాగుగా వ్రాసినను దీనిని ఆపలేదు. దీనికి మందు తీగల అమరికలోనే ఉన్నది. నాలుగు బల్బులలో రెండింటిని మాత్రమే మాడ్యూలుకు తగిలించుడు. మిగిలిన రెండింటిని మామూలు స్విచ్చిపై ఉంచి, రాత్రి వేయుచు పగలు తీయుచు మీ చేతిలో ఉంచుకొనుడు. మాడ్యూలు చచ్చినచో రాత్రిపూట సగము వేడి మిగులును. తెరచుకొని నిలిచిపోయినచో పగటిపూట రెండు బల్బుల వేడి మాత్రమే వచ్చును. నలుగురూ చేయునట్లు నాలుగు బల్బులను యంత్రమునకు అప్పగించుటకన్న ఇది చాల మేలని నా అభిప్రాయము. అదనముగా, మాడ్యూలుకు పోవు లైను తీగలో ఒక మామూలు థర్మోస్టాటును, ఇంక్యుబేటర్లలో వాడు రకమును, కావలసిన వేడికి మూడు డిగ్రీల పైన అమర్చి పెట్టినచో, ట్రయాక్ చెడినను అది కరెంటు కోసివేయును.

మాడ్యూలు కొనునప్పుడు దానిపై వ్రాసిన ఆంపియర్లను చూచి మురియకుడు. 16 ఆంపియర్లు అని ఉన్నను, అది మంచి వేడి పట్టీపై బిగించిన ట్రయాక్ శక్తి; చిన్న బోర్డుపై నిలబెట్టిన ట్రయాక్‌కు అంత శక్తి లేదు. ట్రయాక్ గుండా పోవు ప్రతి ఆంపియరుకు సుమారు ఒక వాటు వేడి దానిలో పుట్టును. మన 400 వాట్లకు 1.7 ఆంపియర్లు మాత్రమే అగును. బోర్డుపై వ్రాసిన దానిలో నాలుగవ వంతు మించి వాడకుడు. చల్లని బల్బు తీగ మొదటి క్షణమున మామూలుకన్న సుమారు పది రెట్లు కరెంటు లాగునని కూడ గుర్తుంచుకొనుడు. మైక్రోకంట్రోలరు బల్బులను సున్నా నుండి మెల్లగా పెంచినచో ఈ దెబ్బ తగలదు. బల్బులు కూడ ఎక్కువ కాలము మన్నును.

మాడ్యూలులోని చిన్న నల్లని చతురస్రపు ముక్కను ఆప్టోకప్లరు అందురు. కరెంటు ప్రక్కకును మైక్రోకంట్రోలరు ప్రక్కకును నడుమ తీగ సంబంధము లేకుండ, వెలుగు ద్వారా మాత్రమే కబురందించు గోడ అది. గేటు సంకేతమునకు ఒకటి, సున్నా సంకేతమునకు ఒకటి ఉండవలెను. ఇవి లేని చౌక బోర్డులను ముట్టకుడు. విడిగా కొని కట్టుకొనువారు గేటుకు ఎం.ఓ.సి. 3021 రకమును వాడవలెను. ఎం.ఓ.సి. 3041 చూపునకు అట్లే ఉండును గాని, అది సున్నా దగ్గర మాత్రమే తెరచును. దానితో బల్బు వెలుగును, ఆరును, మందగించదు. అంగడివాడు రెండును ఒకటే అని చెప్పిన నమ్మకుడు. మైక్రోకంట్రోలరుకు 5 వోల్టులు మంచి మొబైలు చార్జరు నుండి ఇయ్యుడు. ట్రాన్స్‌ఫార్మరు లేక కెపాసిటరుతో కరెంటును దించు చౌక సరఫరాలు కలవు. వాటిని వాడినచో ఆ గోడ కట్టియు ప్రక్కన దొడ్డిదారి తెరచినట్లే. సెన్సారు గొట్టమునకే షాకు రావచ్చును.

తీగల పని లైసెన్సు గల వైర్‌మన్ చేత చేయింపుడు. ట్రయాక్ లైను తీగలో ఉండవలెను, న్యూట్రలులో కాదు. న్యూట్రలుకు బదులు భూమిలో కడ్డీ పాతి దీపము వెలిగించు అలవాటు కొన్ని చోట్ల ఇంకను ఉన్నది. తడి ఊక, ఇనుప చిక్‌గార్డు, వట్టికాళ్ళు ఉన్న చోట అది చావును పిలుచుట. మాడ్యూలుకు ముందు ఒక ఎం.సి.బి., 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండవలెను. బల్బు పూర్తిగా ఆరినట్లు కనబడినను ట్రయాక్ కొంచెము కరెంటును పోనిచ్చుచునే ఉండును. హోల్డరులో షాకు ఉండును. బల్బు మార్చునప్పుడు ఎం.సి.బి. దించకుండ చేయి పెట్టకుడు. మాడ్యూలును గాలి రంధ్రములు గల పెట్టెలో పెట్టి, ఊక దుమ్ము, అమ్మోనియా వాసన తక్కువగా ఉండు చోట, షెడ్డు గోడ వెలుపల బిగించుడు. కంప్యూటరు తీగను తగిలించి ప్రోగ్రాము మార్చునప్పుడు కరెంటును పూర్తిగా తీసివేయుడు.

ఒక చిన్న మాట. బల్బుకు ఎన్ని వోల్టులు పోవుచున్నవో మామూలు మీటరుతో కొలిచినచో, ముక్కలైన అలపై అది తప్పు అంకెను చూపును. ట్రూ ఆర్.ఎం.ఎస్. అని వ్రాసిన మీటరు కావలెను. సగము ఆలస్యమున అది సుమారు 163 వోల్టులు చూపును. ప్రక్కనున్న రేడియో గరగరలాడినచో అది ఈ మాడ్యూలు వలననే.

గ్రుడ్ల కోళ్ళు పెంచువారికి దీనితో ఇంకొక ఉపయోగము కలదు. పెట్టలకు పగలు, దీపము కలిపి 16 గంటల వెలుగు ఇచ్చుదుము. రాత్రి స్విచ్చి తీసి ఒక్కసారి చీకటి చేసినచో, ఊకపై పెంచు పెట్టలు కొయ్యలపైకి ఎక్కలేక నేలపైననే గుంపు కట్టును. దీపమును పదిహేను ఇరువది నిమిషములలో మెల్లగా తగ్గించినచో సందెవేళ అనుకొని తమంతట తామే ఎక్కి కూర్చుండును. దీనికి సెన్సారు అక్కరలేదు, గడియారము చాలును. ఎదుగు పెట్టలకు వెలుగు గంటలు పెంచరాదనియు, గ్రుడ్లు పెట్టునప్పుడు తగ్గించరాదనియు గల నియమము యంత్రము వచ్చినను మారలేదు. గడియారము తప్పినచో గ్రుడ్లు తగ్గును.

పిల్లలు వచ్చుటకు మూడు రోజుల ముందే ఈ సాధనమును షెడ్డులో కట్టి, ఖాళీ బ్రూడరుపై నడుపుడు. మొదటి రాత్రి సెన్సారు తీగను లాగి చూడుడు. బల్బులు సగమున నిలిచి గంట మ్రోగవలెను. రెండవ రాత్రి ఎం.సి.బి. దించి, పది నిమిషముల తరువాత ఎత్తుడు. ఎవరును ముట్టుకోకుండ సాధనము తిరిగి పనిలోనికి రావలెను. మూడవ రాత్రి సెన్సారును గోరువెచ్చని నీటిలో ముంచి, బల్బులు తగ్గుచున్నవో లేదో, తీసిన తరువాత పెరుగుచున్నవో లేదో చూడుడు. ప్రక్కనే ఒక మామూలు పాదరసపు థర్మామీటరును వ్రేలాడదీసి, రెండింటి అంకెలను పోల్చుడు. పిల్లలు దిగిన తరువాత కూడ మొదటి మూడు రాత్రులు రెండు గంటలకు ఒకమారు లేచి, చప్పుడు చేయక తడిక సందునుండి చూడుడు. సెన్సారు 35 అని చెప్పుచున్నను పిల్లలు గుంపు కట్టి కిచకిచలాడుచున్నచో వాటికి చలిగా ఉన్నదనియే లెక్క. అంకెను ఒక డిగ్రీ పెంచుడు. చిక్‌గార్డు నిండ సమముగా పరచుకొని, కొన్ని మేస్తూ కొన్ని నిద్రపోవుచున్నచో వేడి సరిపోయినది, వెళ్ళి పడుకొనుడు.